ఈ రోజు నీది, రేపు నాది

ఇప్పుడు రెండూ యాభై. ఆమె ప్రాక్టికల్ క్లాసు మూడున్నరకి గానీ అవదని ఆఫీసు గుమస్తా చెప్పాడు, నాలుగింటికల్లా కౌంటరు మూసేస్తానని చెప్పాడు, హెడ్‌గారు సోమవారం దాకా సెలవు కాబట్టి సంతకం పెట్టగలిగింది ఆమె ఒక్కతేనని అది కూడా చెప్పి టీ తాగడానికి వెళ్ళిపోయాడు. ఈ నలభై నిమిషాలూ నాకు పనేమీ లేదు, ఈ బెంచీ మీద కూర్చుని ఎదురుగా ఆమె గది తలుపు మీదున్న పేరు చదువుకోవడం తప్ప. పేరు, పేరు తర్వాత చుక్కలు, చుక్కల మధ్య అక్షరాలు, అవి చాలనట్టు కింది వరసలో ఇంకొన్ని అక్షరాలు. ఒక్క మనిషికి ఇన్ని అక్షరాలు ఎందుకో. నా పేరు తర్వాత నలభై మూడేళ్ళుగా ఏమీ లేదు, ఖాళీ. ఒళ్ళో ఫారం ఉంది, ఫారం వెనక మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు గుండుసూదితో గుచ్చి ఉన్నాయి, వాటిని మడత పెట్టకూడదని గుమస్తా మరీ మరీ చెప్పడంతో పసిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. దీని మీద ఆమె సంతకం పడితే కాలేజీ వాళ్ళ అత్యవసర నిధి నా రెండో టర్ము ఫీజు కట్టేస్తుంది. పడకపోతే ఈ సాయంత్రంతో రిజిస్టర్లో నా పేరు మీద గీత. ఒకసారి మానేసి మళ్ళీ చేరినవాళ్ళకి మూడోసారి లేదని చేరేటప్పుడే రాయించుకున్నారు. ఇన్ని కోట్లమంది మనుషులుండగా నా పేరు ఉండాలో పోవాలో తేల్చేది ఆమె కావాలా. ఇరవై రెండేళ్ళ క్రితం, ఈ కళ్ళ పరీక్షల చదువుకే చేరినప్పుడు, ఇదే కాలేజీ హాస్టల్లో నా పక్క మంచం ఆమెది.

పక్క మంచం అంటే నిజంగా పక్కనే, చెయ్యి చాపితే ఆమె దుప్పటి తగిలేది. పడుకున్న నిమిషంలో నిద్రపోయేది. నాకు అక్కడే మొదలైందనుకుంటాను, ఆ నిద్ర దగ్గర. నేను కళ్ళు తెరుచుకుని ఆ ఊపిరి వింటూ, బుర్రలో ఏమీ లేనివాళ్ళకే ఇంత హాయిగా నిద్ర పడుతుందేమో అనుకునేదాన్ని, కానీ అలా అనుకోవడానికీ వీల్లేదు, క్లాసులో ఆమే ఫస్టు. పోనీ చదవకుండా ఫస్టు వచ్చిందా అంటే అదీ లేదు, పొద్దున్నే లేచి కూర్చుని వేళ్ళకి సిరా అంటించుకుని చదివేది. చదవకుండా వస్తే గుడ్డి అదృష్టం అని తిట్టుకోవచ్చు, కష్టపడి తెచ్చుకున్నదాన్ని ఏమని తిట్టుకోను. తిట్టుకోవడానికి ఒక్క లోపం దొరక్కపోవడమే ఆమెతో వచ్చిన చిక్కు. ఇప్పుడు ఒకటి దొరికింది. కళ్ళజోళ్ళ దుకాణంలో ఇరవై ఏళ్ళుగా అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తున్న మనిషిని, నాకు ఎవరి మొహం చూసినా ముందు జోడు కనిపిస్తుంది. ఆమెది అంచు లేని జోడు, పల్చటి అద్దం, పక్క నుంచి చూస్తే లేత ఆకుపచ్చ మెరుపు, దాని ఖరీదు నా నెల జీతంలో సగం పైన. కానీ ఎడమ కాడ ఒక పిసరు పైకి ఉంది. బిగించినవాడెవడో గానీ చేతకాని వాడు. కొంచెం వేడి చేసి వంచితే అర నిమిషం పని, ఆ పని ఈ భవనం మొత్తంలో నా ఒక్కదానికే చేతనవును. చేస్తానా, చచ్చినా చేయను. ఆమె బోర్డు మీద రాస్తుంటే నేను ఆ కాడ వంక చూస్తూ కూర్చుంటాను, అది నాకు రోజూ గంటసేపు విందు.

ఎవరో నీళ్ళ బకెట్టు పెట్టుకుని వరండా తుడుస్తున్నారు, కాళ్ళు ఎత్తమంటే ఎత్తాను. ఫినాయిలు వాసన. క్యాంటీన్లో కూడా ఇదే వాసన వచ్చేది, హాస్టల్లో చేరిన మొదటి రోజు సాయంత్రం ఇద్దరం అక్కడ టీ తాగాం, డబ్బులు ఆమె ఇచ్చేసింది, ఇచ్చి మర్చిపోయింది కూడా. ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు నేను. నా నోరే నా కొంప ముంచింది. "ఈ రోజు నీది, రేపు నాది. సరేనా?" అన్నాను. ఆమె నవ్వి "సరే" అంది. అదే రూలు. పెట్టింది నేను, ఆమె ఒక్కరోజు కూడా గుర్తుచేయలేదు, తప్పకుండా పాటించింది నేను. మొదట టీ, తర్వాత టీతో బిస్కట్లు, తర్వాత సినిమా. ఆమె ముందు వరస టిక్కెట్టు కొంటే నేను బాల్కనీ కొన్నాను. ఆమె నా పుట్టినరోజుకి చేతి గడియారం ఇచ్చింది, మరీ ఖరీదైందేమీ కాదు, నెల తిరక్కుండా వచ్చిన ఆమె పుట్టినరోజుకి నేను అంతకు రెట్టింపు పెట్టి తోలు సంచీ కొన్నాను. ఆమెకి నెల మొదటి వారంలో వాళ్ళ అన్నయ్య డబ్బు పంపేవాడు. నాకు పంపేవాళ్ళు లేరు, కానీ నా దగ్గర ఓవర్‌డ్రాఫ్టు ఉంది. బ్యాంకు వాళ్ళు కాలేజీ గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చుని, ఖాతా తెరిస్తే ఒక పెన్నూ ఒక గొడుగూ ఇచ్చారు, ఖాతాలో డబ్బు లేకపోయినా ఇంతవరకు తీసుకోవచ్చు అని ఒక అంకె చెప్పారు. అది అప్పు అని నాకు తోచలేదు. నా కోసం ఎవరో దాచిపెట్టిన డబ్బు అనుకున్నాను. ఇరవై ఏళ్ళ పిల్లకి పరిమితి అంటే ఆస్తిలా వినిపించింది. ఏడాదిన్నరలో ఆ అంకె అడుగు తేలింది, సరిగ్గా రెండో ఏడాది రెండో టర్ము ఫీజు కట్టాల్సిన వారంలో.

నా దగ్గర డబ్బు లేదని చెబితే ఆమె వాళ్ళ అన్నయ్యకి రాసేది. ఆ సంగతి తెలిసే చెప్పలేదు. ఈ చదువు నాకు బోరు కొట్టిందే, ఉద్యోగం దొరికింది, పోతున్నాను అన్నాను, కాలు మీద కాలేసుకుని మరీ అన్నాను. బస్సు కిటికీ పట్టుకుని ఏడ్చింది. ఏడవడానికి ఆమెకేం, ఫీజు కట్టేసింది. నేను ఏడవలేదు, బస్సు మలుపు తిరిగాక చేతి గడియారం విప్పి సంచీలో పడేసి, రెండు స్టేజీల తర్వాత మళ్ళీ తీసి పెట్టుకున్నాను, టైము తెలియాలి కదా. ఆ తర్వాత ఉత్తరాలు రాసింది. రెండింటికి జవాబిచ్చాను. ఉద్యోగం దుకాణంలో అని రాయలేదు, కళ్ళకి సంబంధించిన సంస్థలో అని రాశాను.

ఇక ఆ ఖాతా. పెళ్ళి కంటే పాతది నా జీవితంలో అదొక్కటే. బ్యాంకు పేరు రెండుసార్లు మారింది, కార్డు నీలం నుంచి ఎరుపైంది, ఎరుపు నుంచి నల్లదైంది, అప్పు మాత్రం కుదురుగా కూర్చుంది. ఒకటో తారీఖున జీతం వచ్చి ఆ గోతిలో పడేది, గొయ్యి కాస్త పూడేది, ఇరవయ్యో తారీఖుకి మళ్ళీ తవ్వుకునేదాన్ని. రెండుసార్లు ఒడ్డుకి వచ్చాను. ఒకసారి అమ్మాయి కడుపున పడింది, ఇంకోసారి మా ఆయనకి ఎనిమిది నెలలు పని లేదు. మా ఆయన మంచివాడు, దాన్ని చూసి జడుసుకోలేదు, మూడో పిల్లాడిని పెంచుతున్నామనుకో అనేవాడు, రెండోవాడెవడు అంటే నేనే అనేవాడు. వడ్డీ పేరు మీద పోయింది లెక్కేస్తే ఈ కోర్సు మూడుసార్లు చదవొచ్చు. వేశాను లెక్క, ఒక ఆదివారం మధ్యాహ్నం, వేసి ఆ కాగితం చింపేశాను.

ఆ చదువు మళ్ళీ అప్పుడే ఎందుకు గుర్తొచ్చిందంటే, దుకాణానికి కాలేజీ క్లినిక్ నుంచి చీటీలు వచ్చేవి, పవర్లు రాసి కింద సంతకం. ముత్యాల్లాంటి రాత. పేరు చదవనక్కర్లేకుండానే తెలిసిపోయింది. ఏళ్ళ తరబడి ఆమె రాసిన అంకెలకి నేను అద్దాలు అరగదీశాను, ఆమె రాయడం నేను అరగదీయడం. చివరికి ఒకరోజు ఒక పెద్దాయన చీటీ తెచ్చి "డాక్టరమ్మ బంగారం, ఎంత ఓపికో" అని ఆ సంతకాన్ని వేలితో తడిమాడు, తడిమి నా వంక చూసి "త్వరగా ఇవ్వమ్మా" అన్నాడు. ఆ రాత్రే మా ఆయనతో మళ్ళీ చదువుకుంటానన్నాను. చదువంటే నాకు ప్రాణం అన్నాను. అబద్ధం కాదు గానీ, నిజం కూడా అది కాదు.

చేరడం బాగానే చేరాను. మళ్ళీ చదువుకునేవాళ్ళకి ఇచ్చే సహాయం వచ్చింది, ఏడాదికి సరిపడా. డబ్బు ఏ ఖాతాలో వేయాలని ఫారంలో అడిగారు. నాకు కంఠస్థం వచ్చిన నంబరు ఒక్కటే, ఇరవై రెండేళ్ళుగా నోట్లో నానుతోంది, పెన్ను అందుకుని ఊరి పేరు రాసినట్టు గబగబా రాసేశాను. రాసేటప్పుడు రాత బాగా కుదరాలని చూసుకున్నాను తప్ప ఇంకేమీ చూసుకోలేదు. సహాయం వచ్చింది, వచ్చి తిన్నగా మైనస్‌లో పడింది. పోనీ ఎప్పట్లాగే మళ్ళీ తీసుకుందామంటే, చదువు కోసం దుకాణంలో సగం పూట మాత్రమే పనిచేస్తున్నానని తెలుసుకున్న బ్యాంకు సరిగ్గా ఆ నెలే పరిమితి తగ్గించేసింది, తగ్గించి ఒక ఉత్తరం పంపింది, దాన్ని నేను కొత్త కార్డు గురించి అనుకుని విప్పలేదు. ఫోన్ చేస్తే ఒక అమ్మాయి తేనె పూసిన గొంతుతో "మేడమ్, మీ డబ్బు మీ ఖాతాలోనే పడింది కదా" అంది. పడిందమ్మా, పడి చచ్చింది. తర్వాత కాలేజీ సలహాదారు దగ్గర కూర్చుంటే ఆయన మొత్తం విని, చేరకముందే వేరే బ్యాంకులో ఖాతా తెరవాల్సింది, పాతదానికి నెలకింత అని వాయిదాలు మాట్లాడుకోవాల్సింది అన్నాడు. ఇప్పుడు రెండూ చేశాను. కొత్త ఖాతా ఉంది, అందులో మైనస్ అనేది లేదు, ఉన్నంతే. పాతదానికి నలభై ఎనిమిది వాయిదాలు, చిన్నవి, ఓవర్‌డ్రాఫ్టు మూసేసి మామూలు అప్పుగా మార్చారు. నలభై ఏడో ఏట విముక్తి. మొదటి టర్ముది చేరేటప్పుడే కట్టాను, మిగిలింది ఈ టర్ము ఫీజు ఒక్కటే, దానికి ఈ ఫారం, ఫారానికి ఆమె.

మూడూ పది. ఇద్దరు ఆడపిల్లలు బెంచీ ముందు నుంచి వెళ్తూ నన్ను చూసి "నమస్తే మేడమ్" అన్నారు. నా క్లాసు వాళ్ళు కాదు, ఎవరో కొత్తవాళ్ళు, టీచరనుకున్నారు. నేను కూడా తలూపాను, సిగ్గు లేకుండా. వాళ్ళ చేతుల్లో ఐస్‌క్రీములు. ఐస్‌క్రీము తినేటప్పుడు ఎవరి వంతో గుర్తుపెట్టుకోని వయసు, గుర్తుపెట్టుకోనక్కర్లేని హాయి. వాళ్ళని చూసినా కడుపు రగులుతుంది, ఇదేం రోగమో, ముక్కూమొహం తెలియని పిల్లలు. మొన్న మా అమ్మాయి అడిగింది, "అమ్మా, మీ మిస్సు దగ్గర సంతకం అడగడానికి భయమైతే నేను పేరెంటుగా వచ్చి మాట్లాడనా?" అని. నవ్వాను. పదిహేడేళ్ళకి ఎంత తేలిగ్గా మాట్లాడుతుంది. దాన్ని చూసి కూడా ఒక్కోసారి, వద్దు, కన్నకూతురి మీద కూడానా, వద్దు.

క్లాసు మొదటి రోజు హాజరు పిలుస్తూ నా పేరు దగ్గర ఆగిపోయింది. తలెత్తి వెతికింది. క్లాసు అయ్యాక బల్లలు దాటుకుంటూ వచ్చి నా రెండు చేతులూ పట్టేసుకుని, "నువ్వేనా? ఎక్కడికి పోయావే ఇన్నాళ్ళూ?" అంది, అందరి ముందూ, ఇరవై ఏళ్ళ పిల్లలంతా చూస్తుండగా. తర్వాతి క్లాసుకి టైమవుతోందని చేతులు విడిపించుకున్నాను. అప్పటి నుంచి మూడుసార్లు టీకి పిలిచింది. మూడుసార్లూ ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. ఒక టీ తాగితే మర్నాడు నేను పిలవాలి, ఆమె గదిలో టీ అంటే మంచి కప్పులుంటాయి, ఏవో బిస్కట్లుంటాయి, నేను ఎక్కడికి పిలవను, క్యాంటీన్‌కా. అయినా అంత పట్టుబట్టి పిలవడం ఎందుకు, గది చూపించుకోవడానికి, కిటికీ చూపించుకోవడానికి, నేను పోగొట్టుకున్నదంతా ఒక్కచోట సర్ది పెట్టి ఇదిగో అని చూపించుకోవడానికి కాకపోతే.

ఇప్పుడు స్టేట్‌మెంట్లు ఆమె చేతిలో పెట్టాలి. మూడు నెలల బతుకు, వరసలు వరసలుగా. ఇక్కడ మందుల షాపు, ఇక్కడ అమ్మాయి బస్సు పాసు, ఇక్కడ పదకొండు రోజులు ఏమీ లేదు, ఆ పదకొండు రోజులు ఎలా గడిచాయో కాగితానికి తెలీదు. రెండో పేజీలో పద్నాలుగో వరస మీద నా బొటనవేలు పెట్టుకుని కూర్చున్నాను. అది ఒక తోలు వస్తువుల దుకాణం. టర్ము మొదలైన రెండో వారంలో ఆమె భుజానికి ఒక గోధుమరంగు సంచీ చూశాను, ఆ శనివారమే అలాంటిది వెతికి పట్టుకుని కొన్నాను. నలభై మూడేళ్ళ వయసులో, మైనస్‌లో ఉండి. ఈ రోజు దాన్ని ఇంట్లో వదిలేసి గుడ్డ సంచీతో వచ్చాను. సంచీ వదిలేయొచ్చు, వరసని వదిలేయడం ఎలా.

ఫారం నాలుగోసారి చదువుతుంటే అడుగున ఒక వాక్యం కనపడింది, చిన్న అక్షరాలు, కళ్ళు చికిలించి చదివాను, ఊరందరికీ అద్దాలు అరగదీసే మనకి మాత్రం జోడు ఉండదు. "ఈ విద్యార్థినితో నాకు బంధుత్వం గానీ స్నేహం గానీ లేదని ధ్రువీకరిస్తున్నాను." పక్కన టిక్కు పెట్టడానికి గడి. ఎవరో ఎప్పుడో బావమరిదికి ఇప్పించుకుని ఉంటారు, అందుకే. సరే, ఆమెకేం ఇబ్బంది, గడిలో టిక్కు పెట్టేస్తుంది. పెట్టేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగదు. హాస్టల్లో ఏడాదిన్నర పక్క మంచం, అంతే కదా, అంత పెద్ద మనిషికి నాలాంటివాళ్ళు ఎంతమంది పరిచయం ఉంటారు. ఆ టిక్కు నా కళ్ళ ముందే పెడుతుంది. ఇంకా పెట్టలేదు, ఇప్పటి నుంచే నాకు ఒళ్ళు మండుతోంది.

మూడూ ముప్పై ఎనిమిదికి వచ్చింది. తెల్లకోటు చేతి మీద వేసుకుని, ఇంకో చేత్తో అద్దాల పెట్టె మోసుకుంటూ. "నువ్వా? ఎంతసేపైందే వచ్చి? లోపల కూర్చోకపోయావా, నేను తాళం వెయ్యను." తలుపు తోసింది. గదిలో కిటికీ చిన్నది, నేననుకున్నంత లేదు. కప్పు ఒకటే ఉంది, పిడి విరిగింది.

"ఫారం," అన్నాను. "నాలుగింటికి ఇవ్వాలి."

కూర్చుని చదివింది. స్టేట్‌మెంటు మొదటి పేజీ చూసింది, రెండోది తిప్పింది, సగంలో ఆపి మూసేసింది. నాకు మర్యాద మిగిల్చాలని మూసేసిందని అర్థమైంది. దాన్ని కూడా భరించలేకపోయాను.

"ఎప్పటి అప్పే ఇది?"

"పాతది."

"అప్పటిదా? కాలేజీ అప్పటిదా?" లెక్క వేసుకుంటోంది, మొహంలో కనపడుతోంది. "అందుకా మానేశావు? నాతో ఒక్క మాట అనలేదేంటే?"

"సంతకం పెట్టు. టైమవుతోంది."

పెన్ను తీసింది. మూత తీసింది. అడుగు వాక్యం దగ్గరికి వచ్చి చదివి, పెన్ను బల్ల మీద పెట్టేసింది.

"ఇది నేను పెట్టలేనే. స్నేహం లేదని రాయాలంట."

"రాయి."

"ఎలా రాస్తాను?"

"పెన్నుతో."

నవ్వలేదు. "ఇన్నేళ్ళలో నీకెవరున్నారు అని ఎవరడిగినా నీ పేరే చెప్పాను. మా వదిన అడిగినా నీ పేరే, ఇక్కడివాళ్ళు అడిగినా నీ పేరే. ఉత్తరాలు రాయడం మానేశావు, అయినా నీ పేరే చెప్పాను. ఇంకెవరున్నారు నాకు చెప్పుకోవడానికి? ఇప్పుడు ఈ మనిషెవరో నాకు తెలీదని కాగితం మీద ఎలా పెట్టను?" ఆగింది. ఏదో తోచినట్టు ఫోను అందుకుంది. "అసలు ఇదంతా ఎందుకు, ఫీజు నేను కట్టేస్తాను. ఇప్పుడే, ఇక్కడి నుంచే అయిపోతుంది. నీకు వీలైనప్పుడు ఇద్దువుగాని. ఇవ్వకపోయినా ఏం కాదు."

మూడూ నలభై ఆరు. తలూపితే చాలు. రెండు నిమిషాల్లో అయిపోతుంది, టీ కూడా ఇస్తుంది, పిడి ఉన్న కప్పు నాకోసం ఎక్కడి నుంచో తెప్పిస్తుంది. తలూపమని మా ఆయన అంటాడు, మా అమ్మాయి అంటుంది, బుద్ధున్నవాళ్ళెవరైనా అంటారు. పట్టుదల అని, ఆత్మగౌరవం అని పెద్దపెద్ద మాటలు చెప్పుకోను. బ్యాంకు అప్పుకి అంకె ఉంది, గడువు ఉంది, నలభై ఎనిమిదో నెలలో అది నన్ను వదిలిపెడుతుంది. ఈమె అప్పుకి గడువు లేదు, ఇవ్వకపోయినా ఏం కాదంటోంది. కానీ అసలు సంగతి అది కూడా కాదు. ఆమె ఇంత మంచిది కావడం నాకు ఇష్టం లేదు. ఎదురుగా కూర్చుని, పిడి విరిగిన కప్పు పక్కన పెట్టుకుని, ఇంత తేలిగ్గా ఇంత మంచిగా ఉండటం నేను చూడలేకపోయాను.

"నువ్వు అబద్ధం రాయక్కర్లేదు," అన్నాను. "మనం స్నేహితులం కాదు."

"అదేం మాట?"

"నీకు ఫస్టు వచ్చిన రోజు గుర్తుందా? తలనొప్పని పడుకున్నాను."

"గుర్తుంది. అందరూ సినిమాకి వెళ్ళారు, నేను ఉండిపోయాను. నీ నుదుటి మీద తడిగుడ్డలు వేస్తూ కూర్చున్నాను."

"తలనొప్పి లేదు."

ఆమె నా వంక చూస్తోంది. ఒకసారి మొదలుపెట్టాక ఆగడం నా చేతుల్లో లేకపోయింది, బహుశా ఉంది, నేనే ఆగలేదు. "నువ్వు రాసిన ఉత్తరాలు మూడో దాని నుంచి విప్పలేదు. నీ సంతకం మా దుకాణానికి చీటీల మీద వచ్చేది, అది చూసి ఓర్వలేక ఇక్కడికి వచ్చి చేరాను, చదువు మీద ప్రేమతో కాదు. ఆ కాగితాల్లో ఉన్న అప్పు నీతో సమానంగా కనపడటానికి చేసింది. ఆ రెండో పేజీలో పద్నాలుగో వరస చూడు, నీ సంచీ లాంటి సంచీ, మొన్న కొన్నాను. నిన్ను చూసి ఏడవని రోజు నాకు లేదు. దీన్ని స్నేహం అంటారా, నువ్వే చెప్పు."

ఆమె పేజీ తిప్పి చూడలేదు. బల్ల మీద పెన్ను అటూ ఇటూ దొర్లించింది. బస్సు దగ్గర ఏడ్చింది కదా, ఇప్పుడు ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"ఒక్క రోజు కూడానా?" అంది చివరికి, చాలా మెల్లగా.

మూడూ యాభై ఒకటి. జ్వరం వచ్చినప్పుడు ఆమె జడ నేనే వేశాను, అది ఏ లెక్కలోకి వస్తుందో. సినిమా మధ్యలో కరెంటు పోయి ఇద్దరం కడుపుబ్బ నవ్వాం, దేనికి నవ్వామో. ఉంది అని ఒక్క మాట అంటే చాలు, ఆమె ఊపిరి తీసుకుంటుంది. అంటే సంతకం పెట్టదు.

"లేదు," అన్నాను. అది నిజమో కాదో ఇప్పటికీ తెలీదు.

పెన్ను తీసుకుంది. గడిలో టిక్కు పెట్టింది, కింద సంతకం పెట్టింది, తారీఖు వేసింది. కాగితాలు సరిచేసి, మడత పడకుండా రెండు చేతులతో నా వైపు జరిపింది. "నాలుగింటికి కౌంటరు మూసేస్తారు," అంది. "త్వరగా వెళ్ళండి."

వెళ్ళాను. పరిగెత్తాను, నలభై మూడేళ్ళ మనిషిని, తడి వరండాలో జారుతూ. గుమస్తా ఫారం అటూ ఇటూ తిప్పి గడిలో టిక్కు ఉందా అని వేలితో చూసుకుని, ముద్ర కొట్టి, రసీదు చింపి ఇచ్చాడు. "ఇక భయం లేదు, మీ పేరు ఉంటుంది," అన్నాడు. మా ఆయనకి ఫోన్ చేయాలి. పాత బ్యాంకుకి రెండో వాయిదా సోమవారం, కొత్త ఖాతాలో అందుకు తీసి పెట్టి ఉంచాను, ఆలస్యం కాదు. జీవితంలో మొదటిసారి అన్నీ ఎక్కడివక్కడ సరిగ్గా ఉన్నాయి. సంతోషంగా ఉండాలి, ఉన్నాను కూడా, సంతోషంగానే ఉన్నాను. మెట్లు దిగుతూ ఒక్కటే అనుకుంటున్నాను. నేను ఆ గదిలోకి వెళ్ళేదాకా, ఇరవై రెండేళ్ళ పాటు, ఆమెకి ఒక స్నేహితురాలు ఉంది. అడిగినవాళ్ళకల్లా పేరు చెప్పుకోవడానికి ఒక మనిషి ఉంది. నాకు అలా చెప్పుకోవడానికి ఆ ఇరవై రెండేళ్ళూ ఎవరూ లేరు. రెండో మెట్టు మీద ఆగి గోడ పట్టుకున్నాను. దానికి కూడా నాకు ఆమె మీద అసూయ వేసింది.